మూడో బేస్ వైపు చాచిన చెయ్యి

మా మనవడు ఈషాన్ కుడి మోచేతిలో చనిపోయిన మనిషి నరం ఒకటి ఉంది. ఆ మనిషి ఎవరో ఆసుపత్రివాళ్లు చెప్పరు. మనం అడగనూ కూడదట. మా అమ్మాయి ఉమ ఆ సంగతి నాకు తెలియకుండా దాచాలని చూసింది. కానీ వాడికి కట్టు మార్చే పని నాకే అప్పజెప్పి, ఒకే ఇంట్లో ఎన్నాళ్లని దాస్తుంది?

ఈషాన్ బేస్‌బాల్ పిచర్. క్రికెట్ ఎరిగినవాళ్లకు చెప్పాలంటే బౌలర్ లాంటివాడే. కాకపోతే పరుగెత్తుకుంటూ రాడు. మైదానం మధ్యలో చిన్న మట్టిదిబ్బ ఉంటుంది. దాని మీద నిలబడి, ఒక కాలెత్తి, ఒళ్లంతా విల్లులా వంచి బంతి విసురుతాడు. అది నేల తగలకుండా బ్యాటర్‌ని దాటి, వెనక గొంతుక్కూర్చున్న క్యాచర్ చేతిలో పడాలి. బంతిని కొట్టగలిగితే బ్యాటర్ వరసగా నాలుగు మూలలూ తాకుతూ పరుగెత్తాలి, వాటినే బేస్‌లంటారు.

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా వీధి పిల్లలందరూ లెక్కల క్లాసులకూ స్పెల్లింగ్ పోటీలకూ వెళుతుంటే, వీడు గరాజ్ తలుపుకేసి బంతి కొడుతూ పెరిగాడు. తలుపు మీద ఆ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. మా అల్లుడు శ్యామ్‌సుందర్ మొదట్లో కేకలేశాడు. తర్వాత తలుపు బాగుచేయించడం మానేశాడు. ఆ తర్వాత తనే గ్లవ్ తొడుక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

కాలేజీలో ఉండగా వాణ్ని పెద్ద జట్టొకటి తీసుకుంది. అంటే వెంటనే పెద్ద లీగ్‌లో ఆడనిస్తారని కాదు. కింద బోలెడు మెట్లుంటాయి. ఊరూరా బస్సు ప్రయాణాలు, ఇరుకు గదులు, బస్సులోనే తిండి, బస్సులోనే నిద్ర. మెట్టు తరవాత మెట్టు ఎక్కుతూ, పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు దిగువన ఉన్న జట్టుకి వచ్చాడు. వాళ్ల స్టేడియం మా ఇంటికి దగ్గరే. ఇక ఎక్కేశాడనుకున్న వేసవిలో మోచేతిలో నరం తెగింది.

"సౌండ్ వచ్చింది అమ్మమ్మా. రబ్బర్ బ్యాండ్ లాగా, టప్‌మని," అన్నాడు.

అలా తెగినప్పుడు మణికట్టు దగ్గర నుంచి ఒక నరం తీసి మోచేతికి కడతారట. కొందరికి ఆ నరం పుట్టుకతోనే ఉండదు. మావాడికి లేదు. కాలిలోంచి తీద్దామంటే దానికీ ఏదో అడ్డం వచ్చింది. అందుకని పరాయి నరం వేశారు.

గాయం మానింది. చెయ్యి మాత్రం చల్లబడిపోయింది. భోజనం వడ్డిస్తుంటే ఎప్పుడైనా తగిలేది. ఎడమ చెయ్యి వెచ్చగా ఉండేది, కుడి చెయ్యి ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబులా ఉండేది. డాక్టర్ చూసి, రక్తం బాగానే ఆడుతోంది, ఏమీ లేదన్నాడు.

తర్వాత కిటికీ సంగతి మొదలైంది. సాయంత్రాలు వాడు సోఫాలో కూర్చుని ఎడమ చేత్తో ఫోన్ చూసుకునేవాడు. ఒళ్లో ఉన్న కుడి చెయ్యి మెల్లగా లేచేది. వీధి కిటికీ వైపు చాచుకుని, అరచెయ్యి విచ్చుకుని, వేళ్లు కాస్త వంగి అలా గాలిలో నిలబడేది. కాసేపటికి ఖాళీగానే మూసుకుని కిందికి దిగేది.

"ఎవరికిరా టాటా చెబుతున్నావు?" అన్నాను ఒకరోజు.

"ఏం టాటా?"

"ఇప్పుడే చెయ్యెత్తావు కదా."

"నేనా? నేను ఎత్తలేదే." వాడు ఫోన్ మీద నుంచి తలెత్తి నన్ను చూశాడు. వాడి ముఖంలో అబద్ధం లేదు. అదే నన్ను భయపెట్టింది.

సాగనంపడాలంటే నాకు మొదట్నుంచీ గుండె దడ. మావారు పరంధామయ్యగారు పరీక్షలకని పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరితే గుమ్మంలో నిలబడి వెళ్లిరండి అన్నాను. ఆయన రాలేదు. అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఎవరు బయటికి వెళ్తున్నా నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుంటాను. కారు కదిలిన చప్పుడు వినపడకూడదు. అలాంటిదాన్ని, ఆ చెయ్యి రోజూ ఎవరినో సాగనంపుతున్నట్టు లేస్తుంటే ఎలా చూడగలను? సాయంత్రమయ్యేసరికి తెరలు వేసేసేదాన్ని. చెయ్యి తెర వైపే లేచేది.

ఏడాది దాటాక ఈషాన్ మళ్లీ దిబ్బ ఎక్కాడు. వాడికి ఇరవై ఏడు నిండుతున్నాయి. ఆ సీజన్లో పైకి వెళ్లకపోతే జట్టు వదిలేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

మొదటి ఆటలోనే వాడి చేతిలోంచి కొత్త బంతి ఒకటి వచ్చింది. అంతకు ముందెన్నడూ వాడు వెయ్యనిది, ఎవరూ నేర్పనిది. నేరుగా వచ్చి వచ్చి, బ్యాటర్ ముందు క్షణం తటపటాయించి, పక్కకు వాలిపోయేది. దాన్ని ఎవరూ కొట్టలేకపోయారు. టీవీవాళ్లు అడిగితే ఒక బ్యాటర్ అన్నాడు, ఆ బంతి తనని దాటేముందు వెనక్కి తిరిగి చూసిందని. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

ఆ బంతి వేశాక ప్రతిసారీ కుడి చెయ్యి మూడో బేస్ వెనక సీట్ల వైపు లేచేది. ఇంట్లో లాగానే విచ్చుకుని, ఆగి, ఖాళీగా మూసుకునేది. అప్పటికి ఆ సీట్లలో ఎవరూ ఉండేవాళ్లు కాదు.

జనానికి అది తెగ నచ్చింది. ఎవరో వీడియో తీసి పెడితే దేశమంతా చూసింది. చెయ్యూపే పిచర్ అని పేరు పడింది. వాడు చెయ్యెత్తితే చాలు, స్టేడియమంతా లేచి నిలబడి చేతులూపేది. చంకలో పిల్లల చేత కూడా ఊపించేవాళ్లు. అన్ని వేల చేతులు ఊగుతుంటే, వాడి చెయ్యి మాత్రం వాళ్లెవరూ లేనట్టే అలా నిలబడి ఉండేది. అది ఊగగా నేను ఎప్పుడూ చూడలేదు.

"మార్కెటింగ్ అదిరిందిరా!" అన్నాడు శ్యామ్‌సుందర్ కారులో వస్తూ. "ఎవరి ఐడియా, నీదేనా?"

"యా, నాదే," అన్నాడు ఈషాన్, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని.

ఆ మర్నాడు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను చిక్కుళ్లు ఒలుస్తున్నాను. వాడొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మమ్మా, ఆ బాల్ నేను వెయ్యట్లేదు."

"మరి?"

"ఐ డోంట్ నో. నా పాత ఫాస్ట్‌బాల్ వేద్దామని పట్టుకుంటా. చెయ్యి గ్రిప్ మార్చేస్తది. విసిరాక ఓపెన్ అయిపోతది. నేను క్లోజ్ చెయ్యలేను. అమ్మకి చెప్పకు, ఓకే? షి విల్ కాల్ టెన్ డాక్టర్స్."

"నొప్పిగా ఉంటుందా?"

"నొప్పి లేదు. ఎవరో వెయిట్ చేస్తున్నట్టు ఉంటది. లోపల." మోచెయ్యి చూపించాడు. "ప్లేట్ ముందు పెట్టుకుని, ఇంకొకళ్ల కోసం ఆగినట్టు."

పోయినవాళ్లు ఆగి ఉన్నారంటే నాకు తెలిసింది ఒక్కటే. నీళ్లకోసం. నువ్వులూ నీళ్లూ వదలనిదే వాళ్లు కదలరు. ఆ నరం ఎవరిదో వాళ్లకి వదిలినవాళ్లు లేరనుకున్నాను. గుడి శాస్త్రిగారికి ఫోన్ చేశాను.

"తర్పణం ఎవరికమ్మా? గోత్రం?"

"తెలియదండి."

"పేరు?"

"తెలియదండి."

"పోనీ, మీకు సంబంధం ఏమిటి?"

"మోచెయ్యండి."

"చూడండమ్మా, తండ్రి ఉండగా కొడుకు తర్పణం విడవకూడదు. మీ అల్లుడుగారు నిక్షేపంలా ఉన్నారు."

"ఆ చేతి తండ్రి ఉన్నాడో లేడో మనకెలా తెలుస్తుందండీ?"

"నాకు అవతల గృహప్రవేశం ఉందమ్మా," అని పెట్టేశారు.

మావారు తర్పణం అయ్యాక చివర్లో ఇంకో దోసెడు వదిలేవారు. నా అనేవాళ్లెవరూ లేనివాళ్లకని. అది గుర్తుంది. చాలనుకున్నాను. ఒక పొద్దున ఈషాన్ నన్ను జోర్డన్ లేక్‌కి తీసుకెళ్లాడు. వాణ్ని చీలమండల లోతు నీళ్లలో నిలబెట్టి, కుడి అరచేతిలో నల్లనువ్వులు పోసి, సీసాలోంచి నీళ్లు వంచాను.

"బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదలాలిరా."

"ఓ, చేంజప్ బాల్ వేసినట్టు," అన్నాడు, నన్ను నవ్వించాలని.

నీళ్లు పడలేదు. వేళ్లు మూసుకున్నాయి. వాడు ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని వంచాడు. గుప్పిట తలకిందులైంది గానీ ఒక్క చుక్క రాలేదు. నేను వేళ్లు విప్పబోతే విప్పలేకపోయాను. రాతి బొమ్మ వేళ్లలా ఉన్నాయి. కాసేపటికి వాటంతటవే తెరుచుకున్నాయి. అరచెయ్యి పొడిగా ఉంది. నువ్వులు పొడిగా ఉన్నాయి. తర్వాత ఆ చెయ్యి ఎప్పటిలాగే, ఎవరూ లేని గట్టు వైపు లేచి విచ్చుకుంది.

"దానికి దాహం లేదు అమ్మమ్మా," అన్నాడు ఈషాన్ చిన్నగా. వాడి పెదవులు పాలిపోయాయి. "ఇంకేదో కావాలి."

"అదేమిటో తెలిస్తే ఇచ్చేద్దాంరా."

"ఇస్తే వెళ్లిపోతదా?"

"వెళ్లిపోవాలి కదా."

"బాల్ కూడా వెళ్లిపోతది." నీళ్లలోంచి బయటికొచ్చి బూట్లు తొడుక్కున్నాడు. "సీజన్ అయ్యాక ఇద్దాం. ప్లీజ్. అది లేకపోతే నేను ఎవరికీ అక్కర్లేదు."

సరేనన్నాను. ఏం ఇవ్వాలో నాకు మాత్రం ఏం తెలుసు?

వేసవి సగమయ్యాక మూడో బేస్ వెనక సీట్లోకి ఒకావిడ రావడం మొదలుపెట్టింది. తెల్లావిడ, అరవై దాటి ఉంటుంది, నీలం టోపీ. నేను ఆమెకు కాస్త పక్క వరసలో కూర్చునేదాన్ని. చుట్టూ జనం లేచి చేతులూపుతుంటే ఆమె ఒక్కతే లేచేది కాదు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చునేది. ఈషాన్ చెయ్యి అటే లేచేది. ఖాళీ సీట్లున్నప్పుడు ఎటు లేచేదో సరిగ్గా అటే. ఆట పూర్తికాకుండానే ఎప్పుడో లేచి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయేది.

ఆ కూర్చోవడం నేనెరుగుదును. వంటింట్లో కుళాయి తిప్పుకుని నేను నిలబడేది అలాగే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. మొదలవకముందే ఈషాన్ కంచె దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు. టోపీ కింద వాడి కళ్లు మెరుస్తున్నాయి.

"కోచ్ చెప్పాడు. ఈవాళ బాగా వేస్తే రేపే ఫ్లైట్. బిగ్ లీగ్! అమ్మకి నేనే చెప్తా, నువ్వు లీక్ చెయ్యకు."

వాడి బుగ్గలు పట్టుకున్నాను. ఏడుపొచ్చింది. వాడి చెయ్యి వాడితో మాట్లాడకుండానే నా భుజం మీదుగా మూడో బేస్ వైపు లేస్తోంది. అప్పుడు ఉండబట్టలేక నీలం టోపీ ఆవిడ సంగతి చెప్పేశాను. వాడు అటు చూశాడు. ఆమె తల దించుకుంది.

"షి నోస్ హిమ్? ఈ నరం ఎవరిదో?"

"అనుకుంటున్నాను నాన్నా. నాలాంటి మనిషి."

"నీలాగా అంటే?"

"ఎవరన్నా వెళ్తుంటే వంటింట్లోకి పారిపోయే రకం."

వాడు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. లేచిన చేతిని చాలాసేపు చూసుకున్నాడు, ఎవరో అపరిచితుడు తన పక్కన నిలబడి ఉన్నట్టు.

"రేపు నేను వెళ్లిపోతే దీన్ని కూడా తీసుకెళ్లిపోతా," అన్నాడు. "ఆవిడ నుంచి. వెళ్లి అడుగు అమ్మమ్మా. దీనికి ఏం కావాలో."

"ఆట అయ్యాక అడుగుతాలేరా. ఈ ఒక్క ఆటా కానీ."

"అయ్యేవరకు ఆవిడ ఉండదు. నువ్వే కదా చెప్పావ్."

"నీ బంతి పోతుందిరా."

"ఐ నో." గ్లవ్ ఎడమ చేతికి తొడుక్కున్నాడు. "అది నాది కాదు కదా."

వాడు దిబ్బ మీదికి నడిచాడు. నేను చాలాసేపు నా సీట్లోంచి కదల్లేదు. వాడు వేస్తున్నాడు, బ్యాటర్లు గాలిని కొట్టి వెనుదిరుగుతున్నారు. జనం లేచి చేతులూపుతున్నారు. రేపే ఫ్లైట్. ఒక్క ముసలిది నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఇంతలో ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. నా కాళ్లు నన్నడక్కుండానే లేచాయి.

పక్కన కూర్చుని, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిచర్ మా మనవడని, వాడి మోచేతిలో పరాయి నరం ఉందని. చెయ్యి మీవైపే ఎందుకు లేస్తుందో మీకు తెలుసా అని అడిగాను.

ఆమె భుజం మీది సంచీ కిందికి దించింది. "మా అబ్బాయి పోయినప్పుడు ఆసుపత్రిలో నన్ను ఏవేవో అడిగారు," అంది. "అన్నిటికీ సరే అన్నాను. ఏ మాటకి సరే అన్నానో కూడా తెలియదు. వీడియోలో ఆ చెయ్యి చూశాక తెలిసింది."

వాళ్లబ్బాయి చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడేవాడట. అంత బాగా ఆడేవాడు కాదని, చెప్తూ నవ్వింది. ఆమె ఎప్పుడూ మూడో బేస్ వెనకే కూర్చునేది. పొద్దున స్కూల్ బస్సెక్కి కిటికీలోంచి ఉత్తుత్తి బంతి విసిరేవాడు. ఆమె పట్టుకుని తిరిగి విసరాలి. వాడు అందుకునేదాకా చెయ్యి దించేవాడు కాదు. డ్రైవర్ హారన్ కొట్టినా దించేవాడు కాదు. పెరిగి పెద్దవాడై, ఉద్యోగానికి వెళ్తూ కూడా కారులోంచి విసిరేవాడు.

"చివరి రోజు కూడా విసిరాడు," అంది. "అందుకున్నానని తలూపాను గానీ, తిరిగి విసరడానికి రెండు చేతుల్లో కిరాణా సంచులున్నాయి. చెయ్యి చాచి ఆగాడు. వెళ్లు వెళ్లు, లేటవుతోంది అన్నాను."

ఆమె గుప్పిట బిగిసి ఉంది. అప్పుడు చూశాను. ఆ చేతిని ఆమె ఒక్క ఆటలోనూ తెరవలేదు.

"అది ఇంకా నా దగ్గరే ఉంది. విసిరేస్తే ఆట అయిపోతుంది," అంది.

దిబ్బ మీద ఈషాన్ ఆ బంతి వేశాడు. బ్యాటర్ అవుటయ్యాడు. చెయ్యి లేచి, మా వైపు విచ్చుకుంది. జనం లేచారు. మా ఇద్దరి చుట్టూ చేతుల అడవి.

"నేను విసిరితే మీ అబ్బాయి ఆట ఏమవుతుంది?" అని అడిగింది ఆమె.

"పోతుందేమో."

"మరి ఎందుకు అడుగుతున్నారు?"

"వాడే అడగమన్నాడు."

దిబ్బ మీద ఈషాన్ మా వైపే చూస్తున్నాడు. ఆ చేతిని దించాలని ప్రయత్నించడం లేదు. ఆగి ఉన్నాడు. ఆమె లేచింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఎండలో కూడా ఆమె చెయ్యి చల్లగా, ఈషాన్ చెయ్యంత చల్లగా ఉంది. ఆమె గుప్పిట తెరిచి, పసిపిల్లలకి వేసినట్టు, కింద నుంచి మెత్తగా విసిరింది.

ఆమె చేతిలో ఏమీ లేదు. ఇది నేను చూశాను. దిబ్బ మీద ఉన్న చెయ్యి మూసుకుంది. ఇన్నాళ్లూ మూసుకున్నట్టు ఖాళీగా కాదు. వేళ్లు గుండ్రంగా దేని చుట్టో ఆగిపోయాయి. బరువు పడినట్టు మణికట్టు కాస్త కిందికి కుంగింది. చెయ్యి మెల్లగా ఛాతీ దగ్గరికి వచ్చింది. కాసేపు అక్కడ ఉంది. తర్వాత మామూలు చెయ్యిలా పక్కకి జారి వేలాడింది.

నా పక్కన గాలి కదిలినట్టయింది. ఎవరో మా ఇద్దరి మధ్య నుంచి మెట్లెక్కి వెళ్లినట్టు. ఆమె కూడా తల తిప్పి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

ఈషాన్ తర్వాతి బంతి నిటారుగా, నిజాయితీగా వెళ్లింది. అది వాడి పాత బంతి, గరాజ్ తలుపుకి వేసిందే. బ్యాటర్ దాన్ని గోడ అవతలికి కొట్టాడు. ఆ తర్వాతివాడూ కొట్టాడు. కోచ్ నడుచుకుంటూ వచ్చి, ఇక చాలన్నట్టు చెయ్యి చాచి బంతి తీసుకున్నాడు. ఈషాన్ తల వంచుకుని దిబ్బ దిగాడు. నడుస్తూ కుడి చేతిని తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. నీలం టోపీ ఆవిడ ఆ రోజు ఆట చివరిదాకా కూర్చుంది.

రేపటి ఫ్లైట్ ఇంకొక పిచర్‌కి వెళ్లింది. ఆకులు రంగు మారే వేళకి జట్టు ఈషాన్‌ని వదిలేసింది. "ఏమైందిరా ఆ రోజు?" అని ఉమ ఇప్పటికీ అడుగుతుంది. "బాడ్ డే అమ్మా," అంటాడు వాడు. వాడు ఏడవగా నేను చూడలేదు. ఒకసారి మాత్రం గరాజ్‌లో, ఆ సొట్టల తలుపుకి నుదురు ఆనించి నిలబడి ఉండగా చూశాను. నేను పక్కకెళ్లి నిలబడితే చెయ్యి ఇచ్చాడు. వెచ్చగా ఉంది.

చాలా దూరాన షామ్‌బర్గ్ అనే ఊళ్లో, పిల్లలకి పిచింగ్ నేర్పే చోట వాడికి పని దొరికింది. బయల్దేరే రోజు ఉమా, శ్యామ్‌సుందర్ డ్రైవ్‌వేలో నిలబడ్డారు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి మీద చెయ్యి వేశాను. తిప్పలేదు. బయటికి వచ్చాను.

"వావ్, అమ్మమ్మ బయటికి వచ్చింది!" అని అరిచాడు ఈషాన్ కారులోంచి. కారు వెనక్కి తీసి, వీధిలో ఆపి, కిటికీ దించాడు. నవ్వుతూ చెయ్యి బయటపెట్టి నావైపు ఉత్తుత్తి బంతి విసిరాడు. నేను రెండు చేతులతో అందుకున్నాను.

"త్రో బ్యాక్ చెయ్ అమ్మమ్మా!"

"చెయ్యను. వచ్చి తీసుకో!"

"అమ్మమ్మా, చీటింగ్!"

వాడి చెయ్యి కిటికీ బయట అలాగే చాచుకుని ఆగింది. విసరాలని నాకు తెలుసు. విసరకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు, ఒక వేసవంతా చూశాను. అయినా విసరలేదు. కారు మలుపు తిరిగే వరకూ ఆ చెయ్యి బయటే ఉంది.

లోపలికి వచ్చాక కూడా కుడి గుప్పిట తెరవలేదు. అందులో ఏదో గుండ్రంగా, కాస్త చల్లగా ఉంది. వాడు చేరానని ఫోన్ చేసేదాకా కాఫీ ఎడమ చేత్తోనే కలుపుకున్నాను. ఫోన్ వచ్చింది. అయినా ఇంకా తెరవలేదు.